గెలిచేవాడికి ఓటెయ్యని మలాకీ

మలాకీ గాలొగ్లీకి తాగుడు లేదు, పేకాట లేదు, గుర్రప్పందేలు లేవు. ఉన్నదల్లా ఒకటే వ్యసనం. గెలుస్తాడనుకున్న మనిషికి చచ్చినా ఓటు వేసేవాడు కాదు. ఐర్లండ్‌లో ముప్పై నాలుగేళ్ళు లీట్రిమ్ కౌంటీ కౌన్సిలర్‌గా ఉన్నాడు. ఆ ముప్పై నాలుగేళ్ళలో ఆయన మొదటి ఓటు అందుకుని సెనేట్‌లో అడుగుపెట్టిన మగాడు గానీ ఆడది గానీ లేరు. అభ్యర్థుల్లో ఒక మాట ఉండేది: మలాకీ ఓటు పడిందంటే శవపేటికకి కొలతలు తీసుకున్నట్టేనని.

సెనేట్ కూర్పు గురించి రాజ్యాంగం చాలా పెద్దమాటలు చెబుతుంది గానీ, మలాకీ అక్క డెలియా చెప్పినంత తేలిగ్గా ఎవరూ చెప్పలేదు. "మొత్తం అరవై మంది. పదకొండు మంది ప్రధాని చుట్టాలు. ఆరుగురు డిగ్రీలున్నవాళ్ళ చుట్టాలు. మిగతా నలభై ముగ్గురూ మా వంటింట్లో కేకు తిని పోయినవాళ్ళు," అనేది ఆవిడ. ప్రధాని తన పదకొండు మందినీ నియమించుకుంటాడు, పట్టభద్రులు తమ ఆరుగురినీ ఎన్నుకుంటారు, ఆ నలభై ముగ్గురినీ మాత్రం దేశంలోని కౌన్సిలర్లూ, దిగువసభవాళ్ళూ, దిగిపోతున్న సెనేటర్లూ ఎన్నుకుంటారు. అంతా కలిపి ఓటున్నవాళ్ళు వెయ్యికి అటూ ఇటూ. అందుకని అభ్యర్థి అన్నవాడు ఆ వెయ్యి మంది ఇళ్ళకీ వెళ్ళాలి. వెళ్ళిన ప్రతి ఇంటా టీ తాగాలి, కేకు తినాలి. రెండు కౌంటీలు తిరిగేసరికి ప్యాంటు బొత్తాం పెట్టుకోవడానికి ఇంకొకళ్ళ సాయం కావలసి వచ్చేది.

ఆ నలభై మూడు సీట్లకీ ఐదు జాబితాలు. వ్యవసాయం, కార్మికరంగం, పరిశ్రమలూ వ్యాపారమూ, పరిపాలన, విద్యా సంస్కృతీ. ఒక్కో జాబితాలో ఓటరు తనకి నచ్చిన వరసలో పేర్లకి ఒకటి, రెండు అని అంకెలు వేస్తాడు; ఒకటి పడ్డవాడిది మొదటి ఓటు, రెండు పడ్డవాడిది రెండో ఓటు. నాది వ్యవసాయం జాబితా. వృత్తికి మాత్రం లాంగ్‌ఫర్డ్‌లో బడిపంతుల్ని. వ్యవసాయంలో జ్ఞానమూ అనుభవమూ ఉన్నవాళ్ళే ఆ జాబితాలో నిలబడాలని నియమం. మా నాన్న వదిలివెళ్ళిన పదకొండు గొర్రెలే నా అనుభవం. జ్ఞానం చాలామటుకు గొర్రెల దగ్గరే ఉండేది.

మొదటిసారి మలాకీ ఇంటికి వెళ్ళినప్పుడు నాకు ముప్పై ఆరేళ్ళు. కొత్త సూటు, కొత్త కారు, వెనక పెద్ద పార్టీ. డెలియా కేకు కోసి పెట్టింది. మలాకీ ఎదురుగా కూర్చుని, టోపీ మోకాలి మీద పెట్టుకుని, నా ముఖంలోకి చూశాడు.

"ఎన్నొస్తాయి నాయనా నీకు?"

"ఎనభై దాకా రావచ్చు మలాకీ గారూ. ఇప్పటికే నూట నలభై మంది మాటిచ్చారు."

"నూట నలభై." ఆయన తల పంకించాడు. "మరి ఇక నాతో పనేముంది? గెలిచావుగా."

"మీరూ వేస్తే ఇంకా ధీమాగా..."

"గెలిచేవాడికి ఓటెందుకు నాయనా? అన్నం తిని చెయ్యి కడుక్కున్నవాడికి మళ్ళీ విస్తరి వేసినట్టు. ఇంకో ముక్క కేకు తిను."

అంతే. ఆ తరవాత గంటసేపు గొర్రెల కాళ్ళ జబ్బుల గురించి మాట్లాడాడు. నాకంటే బాగా తెలుసు ఆయనకి. నేను ఆ ఎన్నికలో గెలిచాను. మాటిచ్చిన నూట నలభై మందిలో తొంభై మంది ఎటు పోయారో ఇప్పటికీ తెలియదు. ఓటెయ్యనని చెప్పి వెయ్యకుండా మాట మీద నిలబడ్డవాడు దేశం మొత్తం మీద మలాకీ ఒక్కడే.

ఆయన ఏ పార్టీకీ చెందినవాడు కాదు. అందుచేత ఆయన దగ్గరున్న ఐదు ఓట్లూ, జాబితాకొకటి చొప్పున, అందరికీ కావాలి. రెండోసారి ఎన్నికలొచ్చేసరికి అభ్యర్థులందరూ ఆయన గుట్టు కనిపెట్టేశారు. ఓడిపోయేవాడిలా కనబడితే చాలు, ఆ ఓటు మనదే. ఆ నెలంతా లీట్రిమ్ రోడ్ల మీద నడిచిన నాటకం డబ్లిన్ రంగస్థలాల మీద కూడా ఎవరూ చూసి ఉండరు.

నేను మా బావమరిది పాత కారు అడిగి తెచ్చుకున్నాను. గొర్రెల దొడ్లో వేసుకునే కోటు తొడుక్కున్నాను. రెండు రోజులు గడ్డం గీసుకోలేదు. తీరా వంటింట్లోకి అడుగుపెట్టేసరికి, మాజీ మంత్రి రెడ్మండ్ టూహీ అప్పటికే అక్కడ చేతిరుమాలుతో కళ్ళొత్తుకుంటూ కూర్చున్నాడు. ఆయనదీ వ్యవసాయం జాబితాయే. ఆయన కోటుకి నాకంటే రెండు చిరుగులు ఎక్కువ.

"నలభై కూడా రావు మలాకీ, ఇక నా పని అయిపోయింది," అంటున్నాడు టూహీ.

"నలభై వస్తాయా మీకు? అదృష్టవంతులు," అన్నాను నేను కుర్చీ లాక్కుంటూ. "నాకు పాతికొస్తే మా అమ్మ చర్చిలో కొవ్వొత్తులు వెలిగిస్తానంది."

"నీకు అమ్మయినా ఉంది. మా ఆవిడ నాతో మాట్లాడటం మానేసింది."

"కారులో కూర్చుని లిప్‌స్టిక్ వేసుకుంటోంది, ఆవిడేనా?" అంది డెలియా కిటికీలోంచి చూస్తూ. "లోపలికి పిలవమంటారా? టీ చల్లారిపోతుంది."

టూహీ చేతిరుమాలు జేబులో పెట్టేసుకున్నాడు. మలాకీ మాత్రం మా ఇద్దరి కష్టాలూ ఎంతో శ్రద్ధగా విన్నాడు. మధ్యమధ్య "అయ్యో" అన్నాడు. ఆ "అయ్యో" వినగానే మా ఇద్దరికీ ఆశ పుట్టింది. అప్పుడు డెలియా రెండో విడత కేకు తెచ్చింది. నేను గోడ గడియారం చూశాను. టూహీ చేతి గడియారం చూశాడు.

"ఎక్కడికి నాయనా?" అన్నాడు మలాకీ.

"నాలుగింటికి బాలినమోర్‌లో..." అన్నాను.

"ఐదింటికి కారిక్‌లో..." అన్నాడు టూహీ.

మలాకీ లేచి టోపీ పెట్టుకున్నాడు. "వెళ్ళిరండి బాబూ, ఇద్దరూ గెలుస్తారు. ఓడిపోయేవాడికి వెళ్ళడానికి ఇంకో ఇల్లుండదు. నేను ఆవుల పాలు పితికేదాకా కూర్చుంటాడు, బకెట్టు కూడా మోస్తాడు. మీరిద్దరూ మొదటి ముక్కే సరిగా తినలేదు."

బయటికొచ్చాక టూహీ నా కోటు వంక చూసి, "ఎక్కడ కుట్టించావ్?" అన్నాడు. మేమిద్దరమూ గెలిచాం.

మలాకీకి ఈ తిక్క ఎందుకొచ్చిందో తలా ఒక మాట చెప్పేవాళ్ళు. గెలిచినవాళ్ళంటే అసూయ అనేవాళ్ళు కొందరు. పుట్టుకతోనే అడ్డదిడ్డం మనిషి, బళ్ళో కూడా పాఠం చివరినుంచి మొదటికి చదివేవాడు అనేవాళ్ళు ఇంకొందరు. నేనూ అలాగే అనుకున్నాను. నవ్వుకోవడానికి ఒక మనిషి దొరికితే, మనం పెద్దగా ఆలోచించం.

ఆ తరవాత నాకు పొగరెక్కింది. కుక్కల లైసెన్సు రుసుము పెంచే బిల్లు సెనేట్‌కి వచ్చింది. పార్టీ ఔనంది. గొర్రెల కుక్కల యజమానులందరూ నా ఇంటికొచ్చి కూర్చున్నారు. నేను సభలో నలభై నిమిషాలు కుక్కల గురించి మాట్లాడి, పార్టీకి ఎదురు ఓటేశాను. అంత మంచి ఉపన్యాసం నా జన్మలో మళ్ళీ చెయ్యలేదు. పార్టీ నన్ను బయటికి పంపింది. తరవాతి ఎన్నికలో అలిగి నిలబడలేదు. ఆ రోజుల్లో ప్రభుత్వాలు త్వరత్వరగా పడిపోయేవి, ఏడాది తిరక్కుండానే ఇంకో ఎన్నిక వచ్చింది. గొర్రెల కుక్కల సంఘంవాళ్ళు నన్ను వ్యవసాయం జాబితాలో ప్రతిపాదించారు. వాళ్ళకి ప్రతిపాదించే హక్కుంది. ఓటే లేదు.

మళ్ళీ ఇల్లిల్లూ తిరిగాను. ఈసారి పాత కారు నిజంగా నాదే. వెనకటి రోజుల్లో నాతో పోట్లాడినవాళ్ళు, మాటిచ్చి తప్పినవాళ్ళు, ఈసారి భుజం తట్టారు. "నువ్వు చాలా మంచివాడివి యూజీన్," అన్నారు. గాల్వేలోనూ అదే మాట, కెర్రీలోనూ అదే మాట. మూడో వారానికి నాకు చెమటలు పట్టడం మొదలైంది. రాజకీయాల్లో ఓటెయ్యదలుచుకున్నవాడు మనలో లోపాలెంచుతాడు గానీ మంచివాడివని అనడు.

నేను భయపడింది ఓటమికి కాదు, సున్నాకి. మా లాంగ్‌ఫర్డ్‌లో ఒక పేరు పడితే సమాధిరాయి మీద తప్ప అసలు పేరు మళ్ళీ కనబడదు. నా చిన్నప్పుడు డాక్టర్ మల్వీ అని ఒకాయన సెనేట్‌కి నిలబడ్డాడు. ఒక్క ఓటూ పడలేదు. ఆ రోజునుంచి ఆయన సున్నా డాక్టరు. ఆయన కూతురి పెళ్ళిలో పాదిరీగారు కూడా సున్నా అనబోయి ఆగాడట. నా సంగతి పోనీ. ఎనభై నాలుగేళ్ళ మా అమ్మ ప్రతి ఆదివారం చర్చికి నడిచి వెళ్ళేది. మూడో బెంచీలో, అందరికీ కనబడేలా కూర్చునేది. సెనేట్‌లో నా పనేమిటో ఆవిడకి సరిగా తెలియదు గానీ, కొడుకు పెద్దమనిషి అని తెలుసు. ఇక సున్నా సెనేటరు తల్లి అనిపించుకుంటూ ఆ నడవలో నడవాలి. సెనేటర్‌గా దిగిపోతున్నవాడినైతే నా ఓటు నాకుండేది. అదీ లేదు.

అన్ని ఇళ్ళకీ వెళ్ళాను గానీ మలాకీ ఇంటికి వెళ్ళలేకపోయాను. ఆయన మళ్ళీ "గెలుస్తావు పో" అంటే ఆ ఒక్క ఓటూ పోతుంది. అలా కాక, "ఈసారి నా ఓటు నీకే నాయనా" అన్నాడనుకోండి, ఇక దేశంలో నాకంటే అధ్వాన్నమైనవాడు లేడని తేలిపోతుంది. ఆ మాట ఆయన నోట వినే ధైర్యం నాకు లేదు. ఆయన గేటు ముందునుంచి మూడుసార్లు అటూ ఇటూ కారు నడిపి, ఇంటికొచ్చేశాను.

లెక్కింపు డబ్లిన్‌లో, మధ్యాహ్నం. వ్యవసాయం జాబితాకి పదకొండు సీట్లు, ముప్పై మందికి పైగా అభ్యర్థులం. సెనేట్ లెక్కింపులో ఒక చిత్రముంది. ఓటర్లు తక్కువ, ఓడినవాడి ఓట్లూ, గెలిచినవాడికి అవసరానికి మించి పడ్డ ఓట్లూ కాగితం మీద తరవాతి అంకె ఉన్నవాళ్ళకి ముక్కలు చేసి పంచాలి కాబట్టి, ముక్కలు లెక్కకి అందాలని ఒక్కో ఓటునీ వెయ్యిగా లెక్కేస్తారు. అధికారి ఒక్కొక్క పేరూ చదువుతున్నాడు. ఒకడికి అరవై రెండు వేలు, ఒకడికి డెబ్బై వేలు. టూహీకి యాభై ఎనిమిది వేలు. నేను గోడకి ఆనుకుని నిలబడ్డాను.

"కిల్‌బ్రైడ్, యూజీన్," అన్నాడు అధికారి. గొంతు సవరించుకున్నాడు. "వెయ్యి."

ఒక్క ఓటు. గదిలో ఎవరో చిన్నగా నవ్వారు. నాకు మాత్రం ఆ క్షణాన ప్రధాని తన పదకొండు మందిలో నన్ను పదకొండుసార్లు వేసుకున్నా అంత సంతోషం కలిగేది కాదు. మొదటి వడపోతలోనే నన్ను తీసేశారు. నేను పోతూపోతూ కాగితం మీద వెయ్యి వదిలి వెళ్ళాను.

మర్నాటి పేపర్లో అంకెలన్నీ వేశారు. అమ్మ అద్దాలు పెట్టుకుని ఆ పట్టిక మొత్తం చదివింది.

"వెయ్యి మంది వేశారట్రా నీకు."

"అమ్మా, అది..."

"మన చర్చి నిండితే నాలుగొందల మంది. అంతకి రెండింతలు దాటారు." ఆవిడ అద్దాలు తీసి తుడుచుకుంది. "మీ నాన్న ఉండి ఉంటే చూసేవాడు. గెలుపుదేముందిరా, వెయ్యి మంది మంచివాడనుకున్నారు. చాలదూ?"

దేశంలో ఓటున్నవాళ్ళే వెయ్యి మందని, నిజంగా అంతమందీ నాకే వేసుంటే అంత ఘోరంగా ఓడిపోవడం ప్రపంచచరిత్రలో లేదని చెప్పబోయాను. ఆవిడ ముఖం చూసి నోరు మూసుకున్నాను. ఆ ఆదివారం ఆవిడ మూడో బెంచీ వదిలి రెండో బెంచీలో కూర్చుందట.

ఇక ఆ ఓటు ఎవరిదన్నది తేలాలి. మూడు నెలల్లో పదిహేడు మంది కౌన్సిలర్లు నన్ను పక్కకి పిలిచారు. చెయ్యి గట్టిగా పట్టుకుని, అటూ ఇటూ చూసి, "యూజీన్, ఆ ఒక్క ఓటూ నాదే, ఎక్కడా అనకు," అన్నారు. పదిహేడు మందికీ కృతజ్ఞతలు చెప్పాను. అందులో ఇద్దరు దానికి బదులుగా మా బళ్ళో వాళ్ళ మేనల్లుళ్ళకి సీట్లు కూడా అడిగి తీసుకున్నారు.

తరవాత మోహిల్‌లో ఒక అంత్యక్రియల దగ్గర మలాకీ కనబడ్డాడు.

"ఆ ఓటు మీరు వేశారా మలాకీ గారూ?"

"నేనా? లేదు లేదు. నేనెందుకు వేస్తాను?" అన్నాడు, టోపీ సర్దుకుంటూ. "అయినా రహస్య ఓటు కదా నాయనా, అడక్కూడదు." గబగబా శవపేటిక వెనక నడిచి వెళ్ళిపోయాడు. చనిపోయినాయన ఆయనకి ఏమీ కాడు.

పదిహేడు మంది నాదే అన్నారు, ఒక్కడు కాదన్నాడు. ఇరవై ఏళ్ళుగా రాజకీయాల్లో ఉన్నవాణ్ణి, ఆపాటి లెక్క నాకూ వచ్చు.

ఇంతలో ఇంట్లో ఇంకో ప్రమాదం వచ్చిపడింది. మా నాన్న పోయినప్పుడు వచ్చిన మూడొందల అరవై మందికీ అమ్మ స్వయంగా కృతజ్ఞతలు చెబుతూ కార్డు రాసి పంపింది. ఒక్క పేరూ వదల్లేదు. ఇప్పుడు బల్ల మీద కార్డుల కట్టలు పేర్చుకుని, "ఆ వెయ్యి మంది పేర్లూ తెచ్చిపెట్టు," అంది. రహస్య ఓటమ్మా అన్నాను. రహస్యమైతే మాత్రం మర్యాద ఉండక్కర్లేదా అంది. రెండు వారాలు తప్పించుకున్నాను. చివరికి, "ఆ వెయ్యి మంది తరఫున లీట్రిమ్‌లో ఒకాయన ఉన్నాడు, ఆయనకి చెబితే అందరికీ చెప్పినట్టే," అన్నాను. అమ్మ కార్డులు పక్కన పెట్టి కేకు చెయ్యడానికి లేచింది.

మేం వెళ్ళేసరికి మలాకీ పొలంలో ఉన్నాడు. అమ్మని పొయ్యి పక్కన కూర్చోబెట్టి, డెలియా నన్ను వెనక వసారాలోకి లాక్కెళ్ళింది.

"మూడుసార్లు గేటు దాకా వచ్చి లోపలికి రాలేదేమయ్యా? ఇక్కడినుంచి చూస్తూనే ఉన్నాను. మావాడితో చెప్పాను. 'అయితే పాపం, వాడికి ఒక్కటీ లేదక్కా' అన్నాడు."

"నాకు సున్నా వస్తుందని ఆయనకి ఎలా తెలుసు?"

"నెల పొడుగునా అదే పని కదా వాడికి. కౌన్సిల్లో, సంతలో, చావుల దగ్గర, అందరినీ అడుగుతాడు, ఫలానావాడు ఎలాంటివాడని. ఎవడి గురించి నలుగురూ 'మంచివాడు' అంటారో, వాడికి సున్నా అని గుర్తు. రిజిస్టర్డ్ పోస్టులో ఐదు ఓటు కాగితాలూ వస్తాయా, ఐదింటిలోనూ ఒక్కో దిక్కులేనివాణ్ణి వెతుకుతాడు. ఒక్క ఓటు పడితే వెయ్యి అని పేపర్లో వేస్తారు, ఇంట్లోవాళ్ళు చదువుకుంటారు అంటాడు. రెండో ఓటైనా కాస్త గెలిచేవాడికి వెయ్యరా అంటే, దానికీ ఇంకో పాపం మనిషిని చూసిపెట్టుకుంటాడు. ముప్పై నాలుగేళ్ళు ఇదే వరస. ఇవాళ్టిదాకా ఒక్కడితోనూ అనలేదు. వేశానని చెబితే సున్నా తప్పిందని చెప్పినట్టేనట, ఆ మనిషి చిన్నబోతాడట."

ఈ వంటింట్లో చిరిగిన కోటేసుకుని ఏడుపు నటించిన రోజు గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయాను. నేను నటించినదాన్ని నిజంగా అనుభవిస్తున్న ఎవడికో ఆ ఓటు చేరింది కదా అని తేలికపడ్డాను కూడా. నా జీవితంలో నేను పోగొట్టుకున్నందుకు సంతోషించిన ఓటు అదొక్కటే.

మలాకీ బూట్లు గుమ్మం దగ్గర విదిలించుకుని లోపలికొచ్చాడు. నన్ను చూసి వెనక్కి తిరగబోయాడు గానీ, అమ్మ అప్పటికే లేచి నిలబడి ఆయన చెయ్యి పట్టుకుంది.

"మా యూజీన్‌కి ఓటేసిన వెయ్యి మందికీ మీరే పెద్దటగా బాబూ?"

మలాకీ నా వంక చూశాడు. నేను నేల చూపులు చూశాను. ఆయనకి విషయం అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు.

"అవునమ్మా," అన్నాడు.

"ఎంతమంది తెలుసు వాళ్ళలో మీకు?"

"అందరూ తెలుసమ్మా."

"ఎలాంటివాళ్ళు?"

మలాకీ టోపీ వెనక్కి తోసుకున్నాడు. "పర్వాలేదమ్మా, మంచివాళ్ళే."

"కాస్త మొండివాళ్ళు," అంది డెలియా కెటిల్ పొయ్యి మీద పెడుతూ.

"అయితే నా మాటగా అందరికీ చెప్పండి. ఆ ముసలావిడ మిమ్మల్ని తలుచుకోని రోజు లేదని చెప్పండి. అందరికీ కలిపి ఒక్కసారి చెప్పి ఊరుకోకూడదు. ఎవరికి వాళ్ళకి, విడివిడిగా చెప్పాలి. మా ఇంట్లో అదీ పద్ధతి."

మలాకీ టోపీ తీసి గుండెల మీద పెట్టుకున్నాడు. చెవులదాకా ఎర్రబడ్డాడు.

"అలాగేనమ్మా," అన్నాడు. "ఒక్కడు కూడా మిగలకుండా చెబుతాను."